అమృతాంజనం వెనుక నాగేశ్వరరావు పంతులు

దోహా, వెస్ట్ బే: సాయంత్రం డ్యూటీ దిగి క్యాంపు బస్సు ఎక్కగానే మాకు ఒక వాసన తగులుతుంది. ఎవరో ఒకరు జేబులోంచి అమృతాంజనం సీసా తీస్తారు. నుదుటికి రాసుకుని పక్కవాడికి ఇస్తారు. నిజామాబాద్ వాళ్లు, శ్రీకాకుళం వాళ్లు, నేపాలీ వాళ్లు అందరి చేతులూ మారి అది చివరి సీటు దాకా పోతుంది. ఆ సీసాకు మూలపురుషుడు మన తెలుగాయనే అని మా బస్సులో సగం మందికి తెలియదు. నిజం చెప్పాలంటే డిప్లొమా చదివేదాకా నాకూ తెలియదు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. బందరులో చదివి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో 1891లో పట్టా పుచ్చుకున్నారు. అంత చదువుకున్నవాడు సర్కారు కొలువు చూసుకుంటాడనే ఎవరైనా అనుకుంటారు. ఆయన మాత్రం వ్యాపారం దారి పట్టారు. కలకత్తాలో మందుల వ్యాపారం దగ్గర పని నేర్చుకున్నారు. తర్వాత బొంబాయి చేరి ఒక కంపెనీలో ఉద్యోగం చేశారు. 1893లో అక్కడే సొంతంగా అమృతాంజనం మొదలుపెట్టారు.

బొంబాయి అప్పటికే మన వలస కూలీలకు కొత్త ఊరేం కాదు. అక్కడి కామాటిపురకు ఆ పేరు తెలుగు కామాటీల వల్లే వచ్చింది. ఇళ్లు కట్టడానికి పోయిన మన మేస్త్రీలు, కూలీలు వాళ్లు. అయితే పట్నం మొత్తం చూస్తే ఈ పంతులు ఎవరికి తెలుసు? ముక్కూ మొహం తెలియని మనిషి చేసిన మందును జనం ఎందుకు కొంటారు?

అందుకని ఆయన ముందు ఊరికే పంచారు. సంగీత కచేరీలు జరిగే చోట వచ్చినవాళ్లకు అమృతాంజనం ఉచితంగా ఇప్పించేవారు. ఇక్కడ ఒక కిటుకుంది. కడుపులోకి మింగే మందు పనిచేసిందో లేదో తెలియడానికి రోజులు పడుతుంది. తలకు రాసే మందు అలాకాదు. కర్పూరం, మెంథాల్ ఘాటు అక్కడికక్కడే తెలిసిపోతుంది. కచేరీ అయ్యేలోగా తలనొప్పి తగ్గిందా లేదా అన్నది రాసుకున్నవాడే తేల్చుకుంటాడు. ఇంకొకరి సాక్ష్యం అక్కర్లేదు. ఆ తర్వాత దుకాణంలో పది అణాలు పెట్టి కొంటాడు. మళ్లీ కొన్నప్పుడు అదే వాసన, అదే ఘాటు ఉండాలి. పేరు నిలబడిందంటే అక్కడే నిలబడింది. ఆ సీసా ఆయన్ని లక్షాధికారిని చేసింది.

1907లో సూరత్ కాంగ్రెస్ సభలు చూసి వచ్చాక తెలుగువాళ్లకు సొంత పత్రిక ఉండాలని ఆయనకు గట్టిగా అనిపించింది. 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రికగా వచ్చింది. ఊరు కాని ఊళ్లో పుట్టిన తెలుగు పత్రిక అది! 1914లో మద్రాసుకు మారి దినపత్రిక అయింది. తలకు రాసుకుని చూసినట్టు వార్తను చూడలేం, దాన్ని నమ్మాల్సిందే. నా లెక్కలో పంతులుగారు చేసిన రెండో పని మొదటిదానికన్నా కష్టమైంది. బామ్ మీద వచ్చిన డబ్బు పత్రికను మోసింది. 1924లో భారతి మాసపత్రిక, 1926లో తక్కువ ధరకు పుస్తకాలిచ్చే ఆంధ్ర గ్రంథమాల వచ్చాయి. ఉప్పు సత్యాగ్రహంలో ఆయన జైలుకూ వెళ్లారు. అడిగినవాళ్లకు లేదనకుండా ఇచ్చేవారని జనం విశ్వదాత అన్నారు, దేశోద్ధారక అన్నారు.

ఇవన్నీ ఒక ఎత్తు, 1937 ఒక ఎత్తు. ఆంధ్ర రాష్ట్రం వస్తే కోస్తా వాళ్లే అంతా ఏలుతారని రాయలసీమ నాయకులకు అనుమానం. నీళ్లు, యూనివర్సిటీ, రాజధాని, హైకోర్టు అన్నీ పేచీలే. ఆ ఏడాది నవంబర్ 16న రెండు పక్షాలూ కూర్చుని ఒప్పందం చేసుకున్నది మద్రాసులో పంతులుగారి ఇంట్లో. ఆ ఇంటి పేరు శ్రీబాగ్, ఒప్పందానికీ ఆ పేరే వచ్చింది. పంతులుగారు కోస్తా మనిషే. అయినా సీమవాళ్లు ఆ గడప తొక్కారు.

1938 ఏప్రిల్ 11న ఆయన పోయారు. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. సీసా మాత్రం మా బస్సులో ఇంకా తిరుగుతోంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా రూమ్‌లో ఉండే తమ్ముడు ఒకడు పోయిన నెల ఫోన్ తెచ్చి చూపించాడు. ఊళ్లో వాళ్ల చిన్నోడికి వీసా ఇప్పిస్తానని ఒక ఏజెంటు వచ్చాడట. రంగుల కార్డు, ఆఫీసు ఫోటో, గాజు టవర్ల బొమ్మ. ఆ బొమ్మలో టవర్లు మా వెస్ట్ బేవే. అప్పు తెచ్చి అడ్వాన్సు కట్టాలా అన్నా, అని అడిగాడు. నేనూ ఒకప్పుడు అలాంటి కార్డు చూసే వచ్చాను. అక్కడ చెప్పిన జీతం ఒకటి, ఇక్కడ చేతికొచ్చింది ఒకటి. ఆ తేడా అప్పు తీర్చడానికి నాకు రెండేళ్లు ఎక్కువ పట్టింది.

అందుకే కార్డు పక్కన పెట్టమన్నాను. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు అడిగి ఈ-మైగ్రేట్‌లో చూడమన్నాను. హైదరాబాద్‌లో ఖతర్ వీసా సెంటర్ ఉంది, అక్కడ తెలిసిన భాషలో కాంట్రాక్టు చదివి అర్థమయ్యాకే సంతకం పెట్టమన్నాను. అన్నిటికన్నా ముందు, ఆ ఏజెంటు ఇంతకుముందు పంపినవాళ్లలో ముగ్గురి ఫోన్ నంబర్లు తీసుకోమన్నాను. ఇచ్చింది ఒక్కటే. మేం మూడు రోజులు చేశాం, స్విచాఫ్. చిన్నోడు ఇంకా డబ్బు కట్టలేదు.