గాలి బయటికి పోయే దారి

మా కాలేజీ వర్క్‌షాప్‌లో ఒక చిన్న కారు ఉంది. సీనియర్ అన్నలు పైపులు వెల్డ్ చేసి ఫ్రేమ్ కట్టారు. ఇంజిన్ ఒక పాత కారు నుంచి తీసింది, పైన ఫైబర్ బాడీ, చిన్న విండ్‌షీల్డ్. నేను సీఎస్ఈ కాబట్టి నాకిచ్చిన పని టెంపరేచర్ సెన్సర్‌కి కోడ్ రాయడం. గ్రౌండ్ చుట్టూ నాలుగు రౌండ్లు తిరిగేసరికి నా స్క్రీన్ మీద 108 డిగ్రీలు. పెద్ద ఫ్యాన్ పెట్టాం, తగ్గలేదు. బానెట్‌కి వెంట్లు ఎలా పెట్టాలో వెతుకుతుంటే లోటస్ సెవెన్ అనే కారు కనిపించింది. దాన్ని తయారుచేసిన మనిషి కథ చదవడం మొదలుపెట్టి ఆ రాత్రి నిద్రపోలేదు.

అతని పేరు కాలిన్ చాప్‌మన్. 1928 మే 19న ఇంగ్లండ్‌లోని రిచ్‌మండ్‌లో పుట్టాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ చదివాడు, అంటే మన సివిల్ వాళ్ళ బీమ్‌లు, ట్రస్సులు. అక్కడే విమానం నడపడం కూడా నేర్చుకున్నాడు. ఫైనల్ మ్యాథ్స్ పేపర్ తప్పి, మళ్ళీ రాసి, ఏడాది ఆలస్యంగా 1949లో డిగ్రీ తెచ్చుకున్నాడు. (బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్ళు ఈ లైన్ మీ ఇంట్లో చూపించుకోవచ్చు.)

చదువుకుంటూనే సెకండ్ హ్యాండ్ కార్లు కొని అమ్మేవాడు. 1948లో తన దగ్గర మిగిలిపోయిన పాత ఆస్టిన్ సెవెన్‌ని విప్పి, స్నేహితురాలు హేజెల్ వాళ్ళ ఇంటి వెనక గ్యారేజీలో కొత్త బాడీ కట్టాడు. అదే మొదటి లోటస్. 1952లో హేజెల్ ఇచ్చిన 25 పౌండ్లతో కంపెనీ పెట్టాడు. రెండేళ్ళకి వాళ్ళిద్దరికీ పెళ్ళయింది.

1957లో లోటస్ సెవెన్ వచ్చింది. అప్పట్లో బ్రిటన్‌లో పూర్తి కారు కొంటే పర్చేజ్ ట్యాక్స్ పడేది, విడిభాగాలుగా కొంటే పడేది కాదు. అందుకే సెవెన్‌ని కిట్‌గా అమ్మేవాళ్ళు, కొన్నవాళ్ళు ఇంట్లోనే బిగించుకునేవాళ్ళు. 1973లో దాని హక్కులు కేటర్‌హామ్ కంపెనీకి వెళ్ళాయి. ఆ కారు ఇప్పటికీ తయారవుతోంది.

చాప్‌మన్ ఆలోచన ఒక్కటే. కారుకి పవర్ పెంచే ముందు బరువు తగ్గించు, ఒక్కో భాగంతో రెండు పనులు చేయించు. 1962లో వచ్చిన లోటస్ 25కి విడిగా పైపుల ఫ్రేమ్ లేదు, బయటి రేకే ఫ్రేమ్. దాంతో జిమ్ క్లార్క్ 1963లో ఫార్ములా వన్ ఛాంపియన్ అయ్యాడు. 1970లో వచ్చిన లోటస్ 72లో ముక్కులో ఉండే రేడియేటర్‌ని తీసి రెండు పక్కలకి మార్చాడు. ముక్కు ఆప్ లాగా పలచగా అయింది, వేడి గాలి డ్రైవర్ వైపు రావడం తగ్గింది.

ఇక్కడే మా తప్పు నాకు అర్థమైంది. మేమందరం గాలి లోపలికి ఎలా రావాలా అని చూశాం, బయటికి ఎలా పోవాలో చూడలేదు. రేడియేటర్ దాటిన గాలి బానెట్ కింద ఇరుక్కుంటే అక్కడ ప్రెషర్ పెరుగుతుంది, ఇక కొత్త గాలి రాదు. ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా అంతే. వెంట్ బయట ప్రెషర్ తక్కువ ఉన్నచోట ఉండాలి. నేను మాత్రం చూడ్డానికి బాగుంటుందని విండ్‌షీల్డ్ కింద గీశాను. అక్కడ గాలి అద్దానికి గుద్దుకుని ప్రెషర్ ఎక్కువ ఉంటుంది, వెంట్ పెడితే గాలి తిరిగి లోపలికే వస్తుంది. బానెట్ మీద ఊలు దారం ముక్కలు అతికించి కారు నడిపి చూసి, చివరికి రేడియేటర్‌కి కాస్త వెనకగా, వెనక్కి తెరుచుకునేలా రెండు వరసలు కోశాం. ఇప్పుడు 94 దగ్గర ఆగుతోంది.

ఆ ఊపులో నేను ఇంకో మాట అన్నాను. ఇంజిన్‌కీ డ్రైవర్‌కీ మధ్య ఉన్న రేకు కూడా తీసేస్తే బరువు తగ్గుతుంది, గాలీ ఆడుతుంది కదా అని. ఆ రాత్రి చాప్‌మన్ కథ మిగతాది చదివాను.

అతని కార్లు ఎంత వేగమో అంత సున్నితం అని పేరు. లోటస్ కార్ల భద్రత మీద యోకెన్ రింట్‌కి ముందు నుంచీ అనుమానం ఉంది. 1970 సెప్టెంబర్ 5న ఇటలీలోని మోంజాలో, స్పీడ్ కోసం రెక్కలు తీసేసిన లోటస్ 72ని ప్రాక్టీస్‌లో నడుపుతుండగా ముందు బ్రేక్ షాఫ్ట్ విరిగింది. కారు బారియర్‌కి గుద్దుకుని రింట్ చనిపోయాడు. ఆ ఏడాది ఛాంపియన్ అతనే, కప్పు అందుకోవడానికి మాత్రం లేడు.

చాప్‌మన్ ఆగలేదు. కారు కింద గాలితోనే కారుని రోడ్డుకి అదిమిపెట్టే లోటస్ 79తో మారియో ఆండ్రెట్టి 1978లో ఛాంపియన్ అయ్యాడు. అది లోటస్‌కి ఏడో కన్‌స్ట్రక్టర్స్ టైటిల్. 1982 డిసెంబర్ 16న చాప్‌మన్ గుండెపోటుతో పోయాడు. వయసు 54.

అతను నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ పొద్దున్నే వర్క్‌షాప్‌కి వెళ్ళి, ఆ రేకు తీయొద్దని అన్నలకి చెప్పాను. తూకం వేస్తే కిలోన్నర ఉంది. వచ్చే నెల ఆ సీట్లో కూర్చునేది మా రూమ్‌మేట్.