లిన్నేయస్‌ను కలవరపెట్టిన పువ్వు

మరిపెడ చుట్టుపక్కల మిరపతోట పెట్టే రైతులకు ఈ సంగతి కొత్త కాదు. ఒకే సంచి విత్తనం, ఒకే మడిలో పోసిన నారు, ఒకే నీరు. అయినా సాలులో ఒక్క మొక్క తోటివాటి పోలిక లేకుండా పెరుగుతుంది. రైతు దాన్ని పీకి గట్టున పారేస్తాడు. అలాంటి ఒక మొక్కను పారేయలేక చిక్కులో పడిన పండితుడు కరోలస్ లిన్నేయస్. మన మిరపకు, మామిడికి, చింతకు 1753లో శాస్త్రీయ నామాలు పెట్టినది ఆయనే.

1707 మే నెలలో స్వీడన్ దేశపు రోషుల్ట్ గ్రామంలో ఒక లూథరన్ పాస్టరు ఇంట ఆయన జన్మించారు. వారి ఇంటిపేరు కూడా చెట్టుదే. తమ పొలంలోని లిండెన్ చెట్టును బట్టి తండ్రి దాన్ని పెట్టుకున్నారు. కొడుకును కూడా పాస్టరును చేయాలన్నది తల్లిదండ్రుల ఆశ. అబ్బాయికి పువ్వుల మీద తప్ప మనసు నిలవలేదు. ఒక వైద్యుని ప్రోత్సాహంతో వైద్యవిద్యలో చేరి, 1741లో ఉప్సాలా విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. ఆయన శిష్యులు దేశదేశాలు తిరిగారు. వారిలో కోనిగ్ అనే ఆయన మన తీరానికి వచ్చి, మొక్కలు సేకరిస్తూ 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశారు.

లిన్నేయస్ పద్ధతి తేలికైనది. పువ్వులోని కేసరాలను లెక్కపెట్టి మొక్కను ఒక తరగతిలో చేర్చేవారు. సృష్టి ఆరంభంలో సర్వేశ్వరుడు ఎన్ని జాతులను చేశారో నేటికీ అన్నే ఉన్నాయని, కొత్తవి పుట్టవని ఆయన గట్టి నమ్మకం. ఈ వర్గీకరణ అంతా ఆ పునాది మీదే కట్టారు.

1742లో ఉప్సాలా విద్యార్థి ఒకరు స్టాక్‌హోం దగ్గరి ద్వీపంలో ఒక మొక్కను చూశారు. ఆకులు, కాండం అన్నీ లినారియా అనే సాధారణ కలుపు మొక్కవే. లినారియా పువ్వుకు పైపెదవి, కింది పెదవి, ఒక తోక, నాలుగు కేసరాలు ఉంటాయి. ఈ పువ్వు మాత్రం అన్ని వైపులా ఒకేలా ఉంది. తోకలు ఐదు, కేసరాలు ఐదు. ఎండబెట్టిన నమూనా చేతికి వచ్చినప్పుడు, ఎవరో వేరే పువ్వును అతికించారేమో అని లిన్నేయస్ మొదట అనుమానించారు. పువ్వును నమ్మితే మొక్క ఒక తరగతి, ఆకును నమ్మితే మరో తరగతి! ఆయన దాన్ని దాచిపెట్టలేదు. గ్రీకులో రాక్షసి అనే అర్థం వచ్చేలా పెలోరియా అని పేరు పెట్టి 1744లో దానిమీద ఒక గ్రంథమే వెలువరించారు. తన మాటకే ఎదురు నిలిచే సాక్ష్యాన్ని అచ్చు వేయించడం చిన్న విషయం కాదు. రెండు జాతుల సంకరం వల్ల ఇది పుట్టిందని ఆయన ఊహించారు. తర్వాతి ముద్రణల్లో కొత్త జాతులు పుట్టవన్న మాటను తొలగించారు. 1778 జనవరి 10న మరణించిన ఆయనను ఉప్సాలా ప్రధాన దేవాలయంలోనే సమాధి చేశారు.

సంకరం అన్న ఊహ తప్పు. అసలు కారణం 1999లో గాని బయటపడలేదు. ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ కేంద్రంలో పిలార్ క్యుబాస్, కోరల్ విన్సెంట్, ఎన్రికో కోయెన్ పెలోరియా మొక్కల జన్యువులను పరీక్షించారు. పువ్వుకు పైవైపు, కిందివైపు అనే తేడాను కల్పించే జన్యువు చెక్కుచెదరకుండా ఉంది. కాని దానిమీద మిథైల్ అనే చిన్న రసాయన ముద్రలు దట్టంగా పడి, అది పనిచేయడం మానేసింది. ప్రార్థన పుస్తకంలో ఒక పుట మీద కాగితం అతికించినట్టన్నమాట. అక్షరాలు చెరగలేదు, చదవడానికి మాత్రం వీల్లేదు. వింత ఏమిటంటే, ఆ అతుకు విత్తనం ద్వారా పిల్ల మొక్కలకూ సంక్రమిస్తుంది. లిన్నేయస్ అనుమానించిన అతుకు నిజంగానే ఉంది గాని, అది పువ్వు మీద కాదు.

ఇలాంటి మొక్కకు అప్పుడప్పుడు ఒక కొమ్మ మామూలు లినారియా పువ్వులు పూస్తుంది. ఆ కొమ్మను పరీక్షిస్తే ముద్రలు తగ్గి, జన్యువు మళ్లీ పనిచేస్తూ కనిపించింది.