మెదడులోని సిరకు ఆయన పేరు.. కానీ ఒక్క మనిషి తలనూ కోసి చూడలేదు! ఎవరీ గాలెన్?

మెదడుకు రక్తం ఎక్కితే సరిపోదు.. తిరిగి కిందికి దిగాలి కూడా. ఆ పని సిరలది. మెదడు లోలోపలి రక్తాన్ని మోసుకొచ్చే ప్రధాన సిరలు ఒక పొట్టి సిరలో కలుస్తాయి. పొడవు మహా అయితే 2 సెంటీమీటర్లు. అక్కడి నుంచి రక్తం తల వెనక వైపుకు, ఆపై మెడ సిరల్లోకి, చివరికి గుండెకు చేరుతుంది. ఈ పొట్టి సిర పేరే గాలెన్ మహాసిర.

ఇంతకీ ఎవరీ గాలెన్? క్రీ.శ. 129లో పెర్గమమ్‌లో పుట్టాడు. అది ఇప్పటి టర్కీలో ఉంది. తండ్రి భవనాల శిల్పి. ఆయనకు వచ్చిన ఒక కల వల్లే కొడుకు వైద్యం చదివాడట. 28 ఏళ్లకే గ్లాడియేటర్లకు వైద్యుడయ్యాడు. వాళ్ల గాయాలే ఆయనకు పాఠాలు. తర్వాత రోమ్ చేరి, చక్రవర్తి మార్కస్ ఆరేలియస్‌కు వైద్యం చేసే స్థాయికి ఎదిగాడు.

అయితే ఒక చిక్కు. అప్పటి రోమ్‌లో మనిషి శవాన్ని కోసి పరిశీలించే వీల్లేదు. దాంతో కోతులు, పందులు, ఎద్దులను కోసి చూశాడు. బతికున్న పంది మెడలోని నరాలను కట్టేస్తే, దాని అరుపు ఠక్కున ఆగిపోయింది. గొంతును నడిపేది మెదడేనని అందరి ముందూ చూపించాడు.

192లో రోమ్‌లో పెద్ద అగ్నిప్రమాదం. ఆయన రాసుకున్న పుస్తకాలు ఎన్నో బూడిదయ్యాయి. అయినా కలం ఆపలేదు. సుమారు 216లో కన్నుమూశాడు.

అసలు కథ ఆ తర్వాతే. పశువుల మెదడు అడుగున ధమనుల వల ఒకటి ఉంటుంది. మనిషికీ ఉంటుందని గాలెన్ రాసేశాడు. అది తప్పు! కానీ ఆయన మాటంటే వేదం కావడంతో దాదాపు 1,300 ఏళ్లు వైద్యులు దాన్నే నమ్మారు. 1543లో వెసాలియస్ మనుషుల శవాలను స్వయంగా కోసి చూసి, ఆ వల మనిషిలో లేదని తేల్చేశాడు. రక్తం శరీరమంతా తిరిగి గుండెకే వస్తుందని 1628లో హార్వే నిరూపించాడు.

వల పోయింది.. సిర మిగిలింది. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ధమనుల రక్తం నేరుగా ఈ సిర భాగంలోకి ఉరుకుతుంది. దాంతో గుండెపై విపరీతమైన భారం పడుతుంది. 2023లో అమెరికాలోని బోస్టన్ డాక్టర్లు తల్లి కడుపులో ఉన్న బిడ్డకే దీనికి చికిత్స చేశారు. ఆ జబ్బు పేరులోనూ ఉన్నది గాలెనే.

ఎంత గొప్పవాడు చెప్పినా సరే, కళ్లతో చూసి తేల్చుకోవాలి. గాలెన్ చేసిందీ అదే. ఆయన తర్వాతి వాళ్లు 1,300 ఏళ్లు మరిచిపోయిందీ అదే.