మన బడులకు హక్కు దక్కిన వేళ: ఫాదర్ జెరోమ్ డిసౌజా



నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు విచారణలలో బడి సంగతి మాట్లాడుకునేటప్పుడు తరచు వచ్చే ప్రశ్న ఒకటుంది. హెడ్మాస్టరు పదవి ఖాళీ అయితే ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలి? సీనియారిటీలో ముందున్నవారా, యాజమాన్యం ఎంచుకున్నవారా, డి.ఇ.ఓ. గారు చెప్పినవారా? ఏళ్ళ తరబడి పాఠాలు చెబుతున్న మాస్టారిని పర్మినెంటు చేసే అధికారం ఎవరిది? వీటికి జవాబు మన రాజ్యాంగం 30వ అధికరణంతో మొదలవుతుంది. ఆ రాజ్యాంగాన్ని తయారుచేసిన సభలో కూర్చున్న ఒక కతోలిక గురువు జీవితం తెలుసుకుంటే ఆ జవాబు తేలికగా బోధపడుతుంది.

ఆయన ఫాదర్ జెరోమ్ డిసౌజా. 1897 ఆగస్టు 6న మంగుళూరులో జన్మించారు. యేసుసభలో చేరి గురువయ్యారు. తిరుచిరాపల్లి సెయింట్ జోసెఫ్ కళాశాలలోను, తరువాత మద్రాసు లయోలా కళాశాలలోను బాధ్యతలు వహించారు. లయోలా ప్రిన్సిపాలుగా ఉండగానే 1946లో మద్రాసు నుండి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. అప్పటికి మన కృష్ణా జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. నిజాం సరిహద్దున ఉన్న నందిగామ తాలూకా కూడా అందులోదే. కనుక ఆయన కూర్చున్నది మన తరఫున కూడా అనుకోవచ్చు.

దేశ విభజన గాయాలు పచ్చిగా ఉన్న రోజులవి. మైనారిటీలకు చట్టసభలలో ప్రత్యేక స్థానాలు ఉంచాలా, తీసివేయాలా అన్న చర్చ జరిగింది. క్రైస్తవ నాయకులలో ముందు నిలిచిన హెచ్.సి. ముఖర్జీ గారు ఆ స్థానాలు మనకు వద్దన్నారు. ఫాదర్ డిసౌజా ఆ నిర్ణయాన్ని సమర్థించారు. సీట్ల కన్నా విశ్వాసాన్ని పాటించే స్వేచ్ఛ, బడులు నడుపుకునే స్వేచ్ఛ ముఖ్యమని వారు తలచారు. విద్యాహక్కుల అధికరణాలు 1948 డిసెంబరులో సభ ముందు చర్చకు వచ్చాయి. మత మైనారిటీలు, భాషా మైనారిటీలు తమకు నచ్చిన విద్యాసంస్థలు స్థాపించి నిర్వహించుకోవచ్చునని, గ్రాంటు ఇచ్చేటప్పుడు మైనారిటీ సంస్థ అన్న కారణంతో వివక్ష చూపరాదని 30వ అధికరణం చెబుతుంది. ఇది 1950 జనవరి 26 నుండి అమలులోకి వచ్చింది.

నియామకాల అధికారం ఎవరిదన్న ప్రశ్న ఫాదర్ డిసౌజాకు శ్రీసభలోనే ఎదురైంది. పాత ఒప్పందాల మూలంగా భారతదేశంలోని కొన్ని మేత్రాసనాలకు పీఠాధిపతులను నియమించే విషయంలో పోర్చుగల్ ప్రభుత్వానికి మాట చెల్లేది. ఆయన పుట్టిన మంగుళూరు, ఆయన పనిచేసిన తిరుచిరాపల్లి రెండూ ఆ జాబితాలోవే. స్వతంత్ర దేశంలో ఇది తగదని నెహ్రూ గారు తలచి ఫాదర్ డిసౌజాను రోముకు పంపారు. చివరకు 1950 జూలై 18న జరిగిన ఒప్పందంలో పోర్చుగల్ ఆ హక్కును వదులుకుంది. ఒక సంస్థకు పెద్దను ఎంచుకునే హక్కు ఆ సంస్థ భారం మోసేవారికే ఉండాలన్న సూత్రం అక్కడ గెలిచింది.

ఆ తరువాత ఆయన 1951లో భారత సామాజిక సంస్థను స్థాపించారు. ఐక్యరాజ్యసమితికి భారత ప్రతినిధి వర్గంలో పలుమార్లు వెళ్ళారు. 1957లో యేసుసభ పెద్దల పిలుపుపై రోములో సేవచేయడానికి వెళ్ళారు. సరిగ్గా ఆ యేడే కేరళలో విద్యా బిల్లు వచ్చింది. ఎయిడెడ్ బడుల ఉపాధ్యాయులను పబ్లిక్ సర్వీస్ కమిషన్ జాబితా నుండే తీసుకోవాలని అది కోరింది. రాష్ట్రపతి సలహా అడగగా 1958 మే 22న సుప్రీంకోర్టు అభిప్రాయం చెప్పింది. గ్రాంటు తీసుకునే బడికి ఆ షరతు పెట్టవచ్చునని అయిష్టంగానే ఒప్పుకుంది గాని, మైనారిటీ బడిని యాజమాన్యం చేతిలో నుండి లాక్కోవడం కుదరదన్నది. నిర్వహించే హక్కులో చెడగొట్టే హక్కు ఇమిడి లేదని కూడా స్పష్టం చేసింది.

తరువాతి తీర్పులు యాజమాన్యానికి ఇంకా బలమిచ్చాయి. 1974లో అహమ్మదాబాదు సెయింట్ జేవియర్ కళాశాల కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఈ హక్కును నిలబెట్టారు. మన రాష్ట్రపు 1975 చట్టం ప్రకారం ఉపాధ్యాయుని తొలగించాలంటే ముందుగా అధికారుల ఆమోదం కావలసి ఉండేది. హైదరాబాదు ఆల్ సెయింట్స్ హైస్కూలు కేసులో ఆ నిబంధన మైనారిటీ సంస్థలకు వర్తించదని 1980లో కోర్టు తేల్చింది. 1998లో కేరళలోని ఒక ముస్లిం బడి కేసులో, హెడ్మాస్టరును ఎంచుకోవడం నిర్వహణ హక్కులో కీలకమని, సీనియారిటీ అడ్డురాదని చెప్పింది. 2006లో ఒక కతోలిక కళాశాల కేసులో ప్రిన్సిపాలు విషయంలోను అదే మాట చెప్పింది. గ్రాంటు తీసుకున్నంత మాత్రాన ఈ హక్కు పోదన్నది.

అయితే అదే తీర్పు మరొక సంగతి కూడా చెప్పింది. ప్రభుత్వం నిర్ణయించిన అర్హతలకు యాజమాన్యం కట్టుబడి ఉండాలి. అంటే ఎన్నిక మనది, కొలబద్ద ప్రభుత్వానిది. జీతం ఖజానా నుండి రావాలంటే పోస్టు మంజూరై ఉండాలి, ఎంపిక నియమం ప్రకారం జరగాలి, అధికారి ఆమోదం ఉండాలి. ప్రభుత్వ కొలువుల విషయంలో 2006 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు, నియమం తప్పి చేసిన నియామకానికి కాలం గడిచినంత మాత్రాన హక్కు పుట్టదన్నది. అది ప్రభుత్వోద్యోగాల గురించి చెప్పినదైనా, మన కరస్పాండెంట్లు గుర్తుంచుకోదగిన మాట. మంజూరు లేని పోస్టులో ఒక మాస్టారిని పదిహేనేళ్ళు ఆశపెట్టి ఉంచితే, చివరకు రోడ్డున పడేది ఆయన కుటుంబమే. నియామకం నాడే పోస్టు ఉన్నదా, ఆమోదం వస్తుందా, రాకపోతే జీతం ఎవరిస్తారు అన్నవి కాగితం మీద రాసి ఇవ్వడం కనీస న్యాయం. సీనియరును కాదని మరొకరిని హెడ్మాస్టరుగా పెట్టే హక్కు చట్టం ఇచ్చింది. ఆ సీనియరును పిలిచి కారణం చెప్పే మర్యాద మాత్రం మనమే నేర్చుకోవాలి.

ఫాదర్ డిసౌజా 1977 ఆగస్టులో, ఎనభై ఏళ్ళు నిండిన కొద్దిరోజులకే కన్నుమూశారు. చట్టసభలలో స్థానాలు వదులుకొని ఆ తరం మనకు బడులు నడుపుకునే స్వేచ్ఛను మిగిల్చింది. బంధువుకో, సిఫారసు తెచ్చినవారికో కుర్చీ కట్టబెట్టడానికి వారు ఆ స్వేచ్ఛ తేలేదు. పిల్లలకు మంచి పెద్దను ఇవ్వడానికే తెచ్చారు. మీ విచారణ బడిలో ఈసారి హెడ్మాస్టరు నియామకం జరిగినప్పుడు, అర్హత చూశారా, అందరినీ న్యాయంగా పరిశీలించారా అని గురువులను అడగండి. అలా అడగడం మీ హక్కు, జవాబు చెప్పడం మా బాధ్యత.