రెండు తాళాల పెట్టె

1617 ఆగస్టులో ఒక ఆదివారం ఫ్రాన్సు దేశంలోని షాటియోన్ అనే ఊరిలో విచారణ గురువులైన విన్సెంట్ డి పాల్ వారు పూజకు సిద్ధమవుతున్నారు. ఊరి వెలుపల ఒక కుటుంబంలో అందరూ జబ్బుపడ్డారని కబురు వచ్చింది. ప్రసంగంలో ఆయన ఆ సంగతి చెప్పగా, ఆనాడే జనం ఆహారం పట్టుకొని ఆ ఇంటికి బారులు తీరారు.

ఆయన సంతోషించారు గాని చిక్కు కూడా గమనించారు. ఒక్కరోజే వచ్చిపడినదంతా కొంత పాడైపోతుంది. ఆ తరువాత మళ్లీ పస్తులే. అందుకని స్త్రీలను సంఘంగా కూర్చి నియమావళి వ్రాశారు. అధ్యక్షురాలిని, కోశాధికారిని సభ్యులే ఎన్నుకోవాలి. రోగులను వంతులవారీగా చూడాలి. డబ్బు పెట్టెకు రెండు తాళాలు; వారిద్దరి వద్దా చెరొక తాళంచెవి. ఏటా లెక్క ఒప్పజెప్పాలి.

ఆ సంఘాలు ఊరూరా వెలిశాయి. 1629 నుండి లూయిస్ డి మారియాక్ అమ్మగారు వాటిని దర్శించి, పని తీరును, లెక్కలను పరిశీలించేవారు.

విన్సెంట్ వారు 1660లో మరణించారు. 1737లో పునీతులయ్యారు. 1885లో 13వ లియో పోపుగారు ఆయనను ఉపకార సంఘాలకు పాలక పునీతునిగా ప్రకటించారు.

మన సంఘాలలో మంచివారిని లెక్క అడగడం అవమానమని మొహమాటపడతాం. కాని ఆ సొమ్ము పేదలది. వారు వచ్చి అడగలేరు గనుక, వారి తరఫున అడగవలసినది మనమే. మన విచారణలోని పెట్టెకు రెండవ తాళం ఉన్నదా?