ఆనందీబాయి జోషీ

పందొమ్మిదవ శతాబ్దమున మన దేశమునుండి ఉన్నతవిద్యకై విదేశములకు వెళ్లినవారు కొలదిమంది మాత్రమే. వారిలో పెక్కుమంది పురుషులు. వారును సాధారణముగ ఇంగ్లండునకే వెళ్లుచుండిరి. బారిస్టరు పట్టమును పొందుటకు గాని, సివిల్ సర్వీసు పరీక్షకు కూర్చుండుటకు గాని ఆ దేశమే వారికి గమ్యస్థానముగ నుండెను. అట్టి కాలమున పదునెనిమిదేండ్ల మహారాష్ట్ర యువతి యొకతె వైద్యవిద్య నభ్యసింపగోరి, అమెరికాదేశము నెన్నుకొని, భర్త తోడు సైతము లేక సముద్రములు దాటి వెళ్లెను. ఆమెయే ఆనందీబాయి జోషీ.

ఆనందీబాయి 1865వ సంవత్సరము మార్చి 31వ తేదీన జన్మించెను. ఆమె పుట్టినింటివారు బొంబాయి చేరువనున్న కల్యాణ్ పట్టణమున నివసించు బ్రాహ్మణులు. ఒకప్పుడు భూవసతి గలిగి బ్రతికిన ఆ కుటుంబము నాటికి కలిమి తరిగి యుండెను. తల్లిదండ్రులు బిడ్డకు యమున యని పేరిడిరి. ఆనాటి ఆచారము ననుసరించి తొమ్మిదవయేటనే ఆమెకు వివాహమయ్యెను. వరుడు గోపాలరావు జోషీ తపాలాశాఖలో గుమాస్తా. అతడు మొదటి భార్యను కోల్పోయినవాడు. వధువుకంటె దాదాపు ఇరువదియేండ్లు పెద్దవాడు. వివాహానంతరము ఆమెకు ఆనంది యను పేరు కలిగెను.

గోపాలరావునకు స్త్రీవిద్యయందు గాఢమైన విశ్వాసముండెను. భార్యకు చదువు చెప్పుటను అతడొక దీక్షగ స్వీకరించెను. ఆ విషయమున అతడు మిక్కిలి కఠినుడు. ఉద్యోగరీత్యా అతడు అలీబాగునకును, కొల్హాపురమునకును, పిదప కలకత్తాకును మారవలసి వచ్చెను. ఎచ్చటకు మారినను ఆనంది చదువు మాత్రము ఆగలేదు. మరాఠీతోపాటు ఆంగ్లమునుగూడ ఆమె చక్కగ నేర్చుకొనెను. పుస్తకములు చేతబట్టి వీథిలో నడచిపోవు వివాహితను చూచి దారినపోవువారు నవ్వుచుండిరి. కొందరు అవమానకరముగ మాటలాడుచుండిరి. ఆమె వానినన్నిటిని సహించెను.

పదునాలుగవయేట ఆనందికి మగశిశువు కలిగెను. తగిన వైద్యసహాయము లేక ఆ బిడ్డ పది దినములు మాత్రమే జీవించెను. ఆ దుఃఖము ఆమె జీవితమార్గమును నిర్ణయించెను. నాటి కుటుంబస్త్రీలు పురుషవైద్యునితో తమ వ్యాధిని చెప్పుకొనుటకు సిగ్గుపడుచుండిరి. కొందరు చావునకైన సిద్ధపడుదురు గాని అతనిచే చికిత్స చేయించుకొనుటకు సమ్మతింపరైరి. వైద్యుడున్న ఊరిలో సైతము వైద్యురాలు లేనందున ఎందరో తల్లులును శిశువులును మరణించుచుండిరి. తాను వైద్యురాలు కావలెనని ఆనంది సంకల్పించుకొనెను.

1880 ప్రాంతమున గోపాలరావు అమెరికాకు చెందిన వైల్డర్ అను మతప్రచారకునకు లేఖ వ్రాసెను. తన భార్యను అమెరికాలో చదివింపదలచితిననియు, తనకును అచ్చట ఏదైన ఉద్యోగము దొరకునాయనియు అందు ప్రశ్నించెను. మతము మార్చుకొనినచో సాయము లభింపగలదను సూచన బదులుగ వచ్చెను. దంపతులు అందుకంగీకరింపలేదు. ఐనను ఆ ఉత్తరప్రత్యుత్తరములు అమెరికాలోని ఒక పత్రికలో ప్రకటింపబడెను. న్యూజెర్సీ రాష్ట్రమున రోసెల్ అను ఊర నివసించు థియోడీసియా కార్పెంటర్ అను గృహిణి దంతవైద్యుని యింట వేచియుండి, ఆ పత్రికను తిరుగవేయుచు వానిని చూచెను. ఎన్నడును ఎరుగని ఆ హిందూయువతిపై ఆమెకు ఆదరము కలిగెను. ఆమె తనంతట తానే ఆనందికి లేఖ వ్రాసెను. నాటినుండి వారిద్దరి నడుమ లేఖలు నడచుచునే యుండెను. ఆనంది ఆమెను పినతల్లిగ భావించి సంబోధింపసాగెను.

ఈలోగ ఆనంది ఆరోగ్యము చెడసాగెను. తలనొప్పియు, నీరసమును, అప్పుడప్పుడు జ్వరమును, ఊపిరాడకుండుటయు ఆమెను బాధించుచుండెను. శ్రీమతి కార్పెంటర్ అమెరికానుండి మందులు పంపెను గాని అవి గుణమీయలేదు. 1883లో గోపాలరావు కలకత్తా చేరువనున్న శ్రీరామపురమునకు మారెను. ఇక జాగుచేయరాదనియు, భార్యను ఒంటరిగనైనను పంపవలెననియు అతడు నిశ్చయించెను.

నాటి స్థితి నరసిచూచినచో వైద్యవిద్య గోరు స్త్రీకి ఎన్నివైపుల తలుపులు మూసియుండెనో తెలియగలదు. మన దేశమున మదరాసు వైద్యకళాశాల ఒక్కటి 1875లోనే స్త్రీలకు ప్రవేశ మొసగెను. ఆంధ్రజిల్లాలు పెక్కు చేరియున్న మదరాసు రాజధాని ఈ విషయమున తక్కిన రాజధానులకంటె ముందు నడచెను. తక్కిన చోట్ల మంత్రసానితనము నేర్పు తరగతులు మాత్రమే యుండెను. 1883 ఆరంభమున కలకత్తా వైద్యకళాశాల స్త్రీల కింకను తలుపు తెరువలేదు. ఆ కారణముచేతనే బంగాళయువతి అబలాదాసు 1882లో చదువుకై మదరాసు వెళ్లవలసి వచ్చెను.

ఇంగ్లండున సైతము పరిస్థితి అంత సుగమముగ లేదు. సోఫియా జెక్స్-బ్లేక్ మున్నగు స్త్రీలు 1869లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయమున వైద్యవిద్యకు చేరిరి గాని, ఆ విశ్వవిద్యాలయము వారికి పట్టము లీయ నిరాకరించెను. 1874లో లండనునగరమున స్త్రీల వైద్యపాఠశాల నెలకొల్పబడెను. 1876లో చేయబడిన శాసనము పరీక్షాసంస్థలు స్త్రీలను చేర్చుకొనుటకు వీలు కల్పించెను. 1878లో లండను విశ్వవిద్యాలయము స్త్రీలకు పట్టము లీయ నంగీకరించెను. ఐనను ఆ దేశమున వైద్యవిద్యకు పూర్వము లాటిను మున్నగు విషయములతో గూడిన సామాన్యవిద్యాపరీక్షలో ఉత్తీర్ణులు కావలసి యుండెను. ఇంటియొద్ద భర్తవలన చదువు నేర్చిన ఆనందికి అది సులభసాధ్యము కాదు.

అమెరికా విద్యాపద్ధతి వేరు. అచ్చట వైద్యకళాశాలలలో పెక్కింటిని ప్రభుత్వము గాక, పౌరులే చందాలతో స్థాపించి నడుపుచుండిరి. ఎవరిని చేర్చుకొనవలెనో ఆ కళాశాలలే నిర్ణయించుకొనుచుండెను. పూర్వపు పట్టము లేకున్నను చేర్చుకొను స్వాతంత్ర్యము వానికుండెను. ఫిలడెల్ఫియానగరమున 1850లోనే స్త్రీలకొరకు ప్రత్యేకముగ ఒక వైద్యకళాశాల వెలసెను. రోగులకడ నిలిచి చికిత్స నేర్చుకొనుటకు 1861లో స్త్రీల ఆసుపత్రియు అచ్చట ఏర్పడెను. ఆ కళాశాల స్త్రీలును అవమానముల నెరిగినవారే. 1869లో వారు ఒక పెద్ద ఆసుపత్రికి పాఠము వినబోగా, పురుషవిద్యార్థులు కేకలువేసి వారిని ఎగతాళి చేసిరి. వారు వెనుదిరుగలేదు. ఆనంది ఎన్నుకొన్నది ఈ కళాశాలను.

ఆమె ప్రయాణవార్త తెలియగనే బంధువులును ఇరుగుపొరుగువారును ఆక్షేపింపసాగిరి. అందరికిని ఒక్కమారే సమాధానము చెప్పదలచి, 1883 ఫిబ్రవరి 24వ తేదీన శ్రీరామపురము కళాశాలామందిరమున ఆమె ఆంగ్లమున ఉపన్యసించెను. జనులు తన్నడుగుచున్న ప్రశ్నలను ఒక్కొక్కటిగ ఆమె స్వయముగ ఎత్తుకొనెను. హిందూదేశమునకు స్త్రీవైద్యులు అత్యవసరమనియు, ఇచ్చటి బోధన చాలదనియు, చదువుకొను స్త్రీని వీథిలో నడువనీయని స్థితిలో ఇచ్చట విద్య సాగదనియు వివరించెను. భర్తతో గూడ వెళ్లుటకు ధనము చాలదనియు, అతనిపై ఆధారపడిన కుటుంబమున్నదనియు తెలిపెను. కులమునుండి వెలివేయుదురను భయము తనకు లేదనియు, వస్త్రమునందును ఆహారమునందును మార్పులేక హిందువుగ వెళ్లి హిందువుగనే తిరిగి రాగలననియు ప్రకటించెను. ఆపద ఎచ్చటనైన సంభవింపగలదనియు, ఆ భయముతో మంచిపనిని మానరాదనియు చెప్పెను. ఈ ఉపన్యాసము దేశమంతట ప్రచారము పొందెను. పలువురు ధనసహాయము చేసిరి.

1883 ఏప్రిల్ నెలలో ఆమె కలకత్తాలో ఓడ యెక్కెను. తోడుగ నున్నవారు పరిచయముగల విదేశస్త్రీలు మాత్రమే. జూన్ నెలలో ఓడ న్యూయార్కు చేరెను. రేవున శ్రీమతి కార్పెంటర్ ఆమెకొరకు వేచియుండెను. అంతవరకు లేఖలయందే పెరిగిన స్నేహము ఆనాడు ప్రత్యక్షమయ్యెను. ఆ వేసవియంతయు ఆనంది ఆమె యింట బిడ్డవలె గడపెను.

అచ్చటినుండియే ఫిలడెల్ఫియా కళాశాలకు ప్రవేశము గోరి లేఖ వ్రాసెను. తన యోగ్యతలను ఆమె గొప్పగ చెప్పుకొనలేదు. వైద్యము లేక బాధపడుచు, పురుషవైద్యుని సాయము పొందుటకంటె మరణమే మేలని తలచు తనదేశపు పేదస్త్రీలకు సేవచేయుటయే తన వాంఛయని తెలిపెను. కళాశాలాధ్యక్షురాలు రేచల్ బాడ్లీ రసాయనశాస్త్రమున పేరుపొందిన విదుషి. ఆమె ఆనందిని ఆదరముతో చేర్చుకొనెను. కళాశాలవారు ధనసహాయమునుగూడ ఏర్పాటు చేసిరి. ఆ సంవత్సరము శరత్కాలమున ఆనంది చదువు ఆరంభమయ్యెను.

ఆ కళాశాలలో దూరదేశముల స్త్రీలు మరికొందరును చదువుచుండిరి. 1885 అక్టోబరు 10వ తేదీన తీసిన ఛాయాచిత్రమొకటి నేటికిని నిలిచియున్నది. అందు చీర ధరించిన ఆనందియు, కిమోనో ధరించిన జపానుదేశీయురాలు కేయీ ఒకామీయు, సిరియా వేషమున సబత్ ఇస్లాంబూలీయు పక్కపక్క నున్నారు. ముగ్గురును తమతమ దేశముల దుస్తులను విడువక, ఒకే విద్యను నేర్చుకొన వచ్చినవారు.

శ్రీరామపురమున ఇచ్చిన మాటను ఆనంది నిలుపుకొనెను. శాకాహారమును మానలేదు, చీరను విడువలేదు. కాని ఆమె శరీరము అందుకు మూల్యము చెల్లింపవలసి వచ్చెను. ఫిలడెల్ఫియాలోని శీతకాలము మంచు గడ్డకట్టు కాలము. ఆమె నివసించు గదిలో నిప్పుగూడు సరిగ పనిచేయక పొగ నిండుచుండెను. ఆమెకు రుచించు ఆహారము ఆ నగరమున దొరకుట దుర్లభము. పగలు పాఠములు, రాత్రి పఠనము. నడుమ తనకై తానే వండుకొనవలెను. పుట్టినదేశముననే చెడిన ఆరోగ్యము ఆ చలిలో మరింత క్షీణించెను. కడకు క్షయవ్యాధి ఆమెను పట్టుకొనెను. ఐనను ఆమె చదువు నడుమ విడిచి తిరిగి రాలేదు.

1886 మార్చి 11వ తేదీన ఆమె డాక్టర్ ఆఫ్ మెడిసిన్ పట్టమును పొందెను. ప్రాచీనహిందువుల ప్రసూతివైద్యమును గూర్చి ఆమె సిద్ధాంతవ్యాసము రచించెను. అందు ఆయుర్వేదగ్రంథములను, అమెరికా వైద్యగ్రంథములను ఆమె సమముగ ఉపయోగించెను. పరదేశవిద్యను నేర్చుటకు స్వదేశవిద్యను మరువనక్కరలేదని ఆ వ్యాసము చాటుచున్నది. పట్టప్రదానసభకు పండిత రమాబాయి ఇంగ్లండునుండి వచ్చి ఆనందించెను. విక్టోరియారాణి అభినందనసందేశమును పంపెను. పాశ్చాత్యవైద్యమున విదేశపట్టము నందిన తొలి భారతీయ మహిళగ ఆనందీబాయి కీర్తిగాంచెను.

కొల్హాపుర సంస్థానమువారు తమ ఆల్బర్ట్ ఎడ్వర్డ్ ఆసుపత్రిలో స్త్రీలవిభాగమునకు ఆమెను వైద్యురాలిగ నియమించిరి. 1886 చివర ఆమె స్వదేశమునకు తిరిగివచ్చెను. ఒకనాడు నిందించిన సమాజమే ఆనాడు ఆమెకు ఘనస్వాగత మొసగెను. కాని వ్యాధి ముదిరిపోయెను. ఆసుపత్రి తలుపు ఆమెకై తెరచియుండెను. ఆమె మాత్రము అచ్చట అడుగిడలేకపోయెను. 1887 ఫిబ్రవరి 26వ తేదీన పూనానగరమున ఆమె మరణించెను. ఆమెకు ఇరువదిరెండేండ్లు నిండుటకు ఇంకను ఒక నెల కొదవగ నుండెను. ఆమె అస్థిభస్మమును శ్రీమతి కార్పెంటర్‌కు పంపిరి. న్యూయార్కు రాష్ట్రమున పొకీప్సీ అను పట్టణమునందలి తమ కుటుంబశ్మశానమున ఆమె దానిని నిక్షేపించెను.

ఆనందీబాయి ఒక్క రోగినైనను తన ఆసుపత్రిలో చూడలేకపోయినను, ఆమె చదువు వ్యర్థము కాలేదు.  గురుబాయి కర్మార్కర్ అను మరియొక మహారాష్ట్ర మహిళ అదే కళాశాలలో చదివి 1892లో పట్టము పొందెను. రఖ్మాబాయి 1889లో లండను వెళ్లి, అచ్చటి స్త్రీల వైద్యపాఠశాలలో చదివి వచ్చి, సూరతులోను రాజకోటలోను పెక్కేండ్లు స్త్రీలకు చికిత్స చేసెను. ఒక్కొక్కరు ఒక్కొక్క దేశము నెన్నుకొనిరి. కాని సముద్రమునకు ఆవల ఆడబిడ్డకు చదువు కలదని లోకమునకు ముందుగ చూపినది ఆనందీబాయియే.

విదేశవిద్యను గోరువారు దేశముయొక్క కీర్తిని చూచి ఆశపడుట సహజము. ఆనందీబాయి అట్లుచేయలేదు. తాను చేయదలచిన పని ఏది, ఆ పనికి కావలసిన విద్య ఎచ్చట లభించును, తనవంటివారిని చేర్చుకొను విద్యాలయ మేది యని ఆలోచించి అడుగు వేసెను. ప్రవేశము గోరి ఆమె వ్రాసిన లేఖ నేటికిని ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయమున భద్రపరుపబడి యున్నది.