భాస్వరం లెక్క తేల్చిన భీమవరం మనిషి

యల్లాప్రగడ సుబ్బారావు అనగానే క్విజ్‌లో అడిగేవి ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. నాకు మాత్రం ఆయన చేసినవాటిలో చిన్నదిగా కనిపించే ఒక టెస్ట్ ఇష్టం. మాది జీడిమెట్ల. ఇక్కడ బల్క్ డ్రగ్ యూనిట్లలో పనిచేసేవాళ్లు, పొద్దున్నే బీపీ మాత్ర వేసుకునేవాళ్లు మా వీధిలోనే బోలెడుమంది. కొవ్వులు బీపీని ఎలా పెంచుతాయో చదువుతూ పోతే దారి ఆ టెస్ట్ దగ్గరికే తీసుకెళ్లింది.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు (బ్యాక్‌లాగ్ మిత్రులు గమనించగలరు). మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు సర్జికల్ గౌను వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపమొచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. అన్న పురుషోత్తం స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. 1922 అక్టోబరులో, మామగారు సర్దిన డబ్బుతో, భార్య శేషగిరిని ఇక్కడే వదిలి బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో చదువుకుంటూ, ఖర్చుల కోసం ఆసుపత్రిలో బెడ్‌పాన్లు కడిగారు.

ఆ తర్వాత సైరస్ ఫిస్కే ల్యాబ్‌లో చేరారు. 1925లో ఇద్దరూ కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రచురించారు. నమూనాలోని ఫాస్ఫేట్‌కి యాసిడ్‌లో మాలిబ్డేట్ కలిపి, రిడ్యూసింగ్ ఏజెంట్ వేస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. ఇంతే.

కానీ కండరం నుంచి తీసిన ద్రవంలో రంగు ఒక్కసారిగా రాలేదు, మెల్లమెల్లగా ముదిరింది. నేనైతే కెమికల్ పాడైందనుకుని పారబోసేవాణ్ణి. వాళ్లు అక్కడే ఆగారు. ఫాస్ఫేట్‌ని పట్టుకుని ఏదో కొంచెంకొంచెంగా వదులుతోందన్నమాట. అదే ఫాస్ఫోక్రియాటిన్ అని 1927లో బయటపెట్టారు. 1929లో ఏటీపీని కూడా వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా దాన్నే కనుక్కున్నాడు.

ఇప్పుడు బీపీ సంగతి. రక్తనాళం గోడలోని కండరం బిగిస్తే నాళం సన్నబడుతుంది. పైపు వ్యాసార్థం సగమైతే ప్రవాహానికి నిరోధం పదహారు రెట్లవుతుందని ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో చదివాం కదా, ఇక్కడా దాదాపు అదే లెక్క. బిగించమని చెప్పేవాటిలో కొవ్వులూ ఉన్నాయి. స్ఫింగోసిన్ అనే కొవ్వుకి ఒక ఎంజైమ్ ఏటీపీ నుంచి ఫాస్ఫేట్ ఒకటి తీసి తగిలిస్తే స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్ అవుతుంది. ఎర్రరక్తకణాలు దాన్ని రక్తంలోకి వదులుతాయి. మంచి కొలెస్ట్రాల్ అని మనం పిలిచే హెచ్‌డీఎల్ మీదెక్కి తిరుగుతుంది. కండరకణం మీది కొన్ని రిసెప్టర్లకు తగిలితే లోపల కాల్షియం పెరిగి కండరం బిగుస్తుంది. నాళం లోపలి పొర మీది ఇంకో రిసెప్టర్‌కి తగిలితే నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై నాళం వదులవుతుంది. ఒకే కొవ్వు, రెండు కబుర్లు! టెల్మిసార్టన్ అడ్డుకునే యాంజియోటెన్సిన్ కూడా కణపొరలోని ఒక ఫాస్ఫోలిపిడ్‌ని రెండు ముక్కలు చేయించే కాల్షియం పెంచుతుంది. కొవ్వంటే నాళాల్లో పేరుకుపోయేది మాత్రమే అనుకుంటాం. ఈ కొవ్వులు పేరుకోవు, కబురు మోస్తాయి.

సుబ్బారావుకి ఇవేవీ తెలియవు. ఆయన బీపీ మీద పనిచేయలేదు. కానీ ఫాస్ఫేట్ ఉన్న కొవ్వు ఎంతుందో తేల్చాలంటే దాన్ని యాసిడ్‌లో మరిగించి, ఫాస్ఫేట్‌ని విడగొట్టి, ఆ నీలం రంగే చూసేవాళ్లు. 1959లో బార్ట్‌లెట్ ఫాస్ఫోలిపిడ్ల కోసం సవరించుకున్నదీ ఈ పద్ధతినే.

1940లో ఆయన లెడర్లీ కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. అన్నని తీసుకెళ్లిన స్ప్రూకి అదే మందుగా పనికొచ్చింది. బోదకాలుకి హెట్రాజాన్, క్యాన్సర్‌కి మెథోట్రెక్సేట్ కూడా అక్కడివే. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో గుండె ఆగి చనిపోయారు. వయసు 53. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు, ఇంటికీ తిరిగి రాలేదు. 1922లో సాగనంపిన శేషగిరి ఆయన్ని మళ్లీ చూడనేలేదు.